పదహారు చేతుల మూర

అనగనగా, మనుషుల చేతులే కొలబద్దలై తిరిగిన రోజుల్లో, పైరుగడ్డ అని ఒక చిన్న రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో బట్టయినా, బావి లోతయినా, పొలమైనా మూరల్లోనే కొలిచేవారు. మూర అంటే మీకు తెలుసుగా? మోచేతి నుంచి నడివేలి కొస దాకా. సరే, మరి ఎవరి చెయ్యి? కథంతా అక్కడే ఉంది.

పైరుగడ్డలో మూర అంటే రాజుగారి చెయ్యి. మొట్టమొదటి రాజు అడవి కొట్టించి జనానికి పొలాలు పంచిన రోజున, "నా చేతితో కొలిచి ఇస్తున్నాను. నా చెయ్యి అబద్ధమాడదు" అని మాట ఇచ్చాడట. ఆ మాట మీద గౌరవంతో ప్రతి ఉగాదికీ రాజు కొలువులో ఒక టేకుపలక మీద చెయ్యి చాచేవాడు. వడ్రంగి ఆ పొడవుకు సరిగ్గా ఒక కర్ర కోసేవాడు. దాన్ని చూసి కోసిన వెదురుకర్రలు ఊరూరికీ వెళ్లేవి. వాటిని మూరకర్రలు అనేవారు.

దగ్గరి ఊళ్లకు కర్ర ఒక్క రోజులో చేరేది. కొండ మీది గూడేలకు మాత్రం చేతులు మారుతూ, సంతలు దాటుతూ, రెండేళ్లకు చేరేది. అయినా ఎవరికీ ఇబ్బంది రాలేదు. పెద్దవాళ్ల చెయ్యి ఏటేటా పెరగదు కదా!

అలా నూరేళ్లు గడిచాయి. ఒక ఏడు ఊరంతా జ్వరాలు వచ్చాయి. రాజుగారూ, రాణిగారూ వారం తేడాలో కన్నుమూశారు. సింహాసనం మీద వాళ్ల ఒక్కగానొక్క కూతురు కూర్చుంది. పేరు నీలాంబ. వయసు ఆరేళ్లు. కూర్చుంటే కాళ్లు నేలకు అందేవి కావు. పెంచిన దాది కోటమ్మ ఆ కాళ్ల కింద ఒక పీట వేసేది.

ఉగాది వచ్చింది. మంత్రి బొప్పన టేకుపలక తెప్పించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తల్లీ, తమ కుడిచెయ్యి ఇటు చాచాలి."

"దానికి బెల్లం అంటింది" అంది నీలాంబ.

కొలువంతా నవ్వింది. కోటమ్మ కొంగుతో ఆ చెయ్యి తుడిచి పలక మీద పెట్టింది. వడ్రంగి గీత గీశాడు. గీసి తల గోక్కున్నాడు.

"అయ్యగారూ, ఇది మరీ చిన్నదిగా ఉంది. రాజుగారి రెండు మూరలు పాపగారికి మూడు మూరలు అవుతున్నాయి."

"రాజ్యమేలేవారి చెయ్యే మూర. ఆచారం వయసు అడగదు" అన్నాడు బొప్పన.

చెడ్డవాడు కాదు బొప్పన. పాతదాన్ని పోగొట్టుకోవడమంటే భయం, అంతే. వడ్రంగి ఆ చిన్న కర్రే కోశాడు. నీలాంబ మురిసిపోయింది. "నా చెయ్యి ఊరూరూ తిరుగుతుందా కోటమ్మవ్వా?" అని పడుకునేదాకా అడుగుతూనే ఉంది.

మొదటి ఏడు సంతలో నవ్వులు పుట్టాయి. ఒక రైతు తొమ్మిది మూరల పంచె కొని, అక్కడే కట్టుకుని చూశాడు. అది మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది.

"ఏమయ్యోయ్, ఇది పంచెనా, తువ్వాలా?"

"రాచమూరతో తొమ్మిది. కావాలంటే కొలుచుకో" అన్నాడు సాలె అంకయ్య.

రైతు కొలిచాడు. తొమ్మిదీ ఉన్నాయి. "కొలిస్తే సరిపోతోంది, కడితే సరిపోవడం లేదు!" అన్నాడు. మూడు చిన్న మూరలకు రెండు పాత మూరలు కదా, తొమ్మిదికి ఎన్నో మీరే లెక్క వేయండి. ఆ ఏడు పైరుగడ్డలో మగవాళ్లంతా మోకాళ్లు చూపిస్తూ తిరిగారు. ఎవరికీ కోపం రాలేదు. "మన రాణమ్మ చేతి పంచె" అని ముద్దుగా చెప్పుకున్నారు.

రెండో ఏటికి నీలాంబ కాస్త ఎదిగింది. మూర కూడా ఎదిగింది. ఒక కుమ్మరి కొత్త ఇల్లు కట్టుకుంటూ గుమ్మం ఉగాదికి ముందు పెట్టించాడు, తలుపు ఉగాది తరువాత చేయించాడు. రెండూ నాలుగు మూరలే. తలుపు మాత్రం గుమ్మంలో పట్టలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అని కుమ్మరి లబలబలాడాడు.

"తలుపు చక్కగా వచ్చింది. దానికి సరిపడా ఇల్లు కట్టుకో" అన్నాడు వడ్రంగి.

అందరూ మళ్లీ నవ్వారు. కుమ్మరి మాత్రం ఆ వానాకాలమంతా గుమ్మానికి చాప కట్టుకుని పడుకున్నాడు.

మూడో ఏడు ఎవరూ నవ్వలేదు.

ఆ ఎండాకాలం రాజధానిలోని పెద్దబావికి పూడిక తీయాల్సి వచ్చింది. కొత్త మూరకర్రతో లోతు కొలిస్తే నలభై మూరలు తేలింది. "నలభై మూరల నిచ్చెన కావాలి" అని కొండ మీది వెదురుగూడేనికి కబురు వెళ్లింది. తాళ్ల మధ్య వెదురు మెట్లు అల్లి నిచ్చెన చేయడంలో ఆ గూడెంలో గురవమ్మను మించినవాళ్లు లేరు. ఆమె మొగుడు దుర్గయ్య బావుల్లో పూడిక తీసేవాడు. ఆమె అల్లిన నిచ్చెన మీద అతను దిగేవాడు. వాళ్ల బతుకు అది.

గురవమ్మ నిచ్చెనకు మూరకొక మెట్టు. బావి అడుగున చీకటి కాబట్టి దుర్గయ్య కిందికి చూసేవాడు కాదు. కాళ్లతో మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగేవాడు. లెక్క పూర్తయితే అడుగు నేల మీద పెట్టేవాడు. ఇరవై ఏళ్లుగా ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు కూడా అలాగే దిగాడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. కాలు తీసి నేల మీద వేశాడు.

అక్కడ నేల లేదు.

వెదురుగూడెంలో ఉన్నది రెండేళ్ల నాటి మూరకర్ర. ఆరేళ్ల పాప చెయ్యి. బావి కొలిచినది ఎనిమిదేళ్ల పాప చెయ్యి. కొత్తవి పది మూరలైతే పాతవి పదకొండు. కొత్తవి నలభై అంటే పాతవి నలభై నాలుగు. ఆ నాలుగు మూరల ఎత్తు నుంచి దుర్గయ్య రాళ్ల మీద పడ్డాడు. కుడికాలు విరిగింది.

అతన్ని పైకి లాగేసరికి జనం పోగయ్యారు. ఎవరో నిచ్చెనను కొలిచి, "నాలుగు మూరలు తక్కువ! దొంగ నిచ్చెన! నాలుగు మూరలు మింగేసింది!" అని అరిచారు.

గురవమ్మ మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, అరిచినవాళ్ల వంక చూసింది.

"నా మొగుడు దిగే నిచ్చెనలో నేను మూరలు మింగుతానా?"

అరిచినవాళ్లు నిచ్చెన కింద పెట్టి పక్కకు తప్పుకున్నారు.

మర్నాడు ఆమె తన మూరకర్ర పట్టుకుని కొలువుకు వచ్చింది. దాన్ని కొలువులోని కర్ర పక్కన పెట్టింది. రెండు వేళ్ల తేడా కనిపించింది.

"దొరా, రెండు వేళ్లంటే చిన్నదే. నలభైసార్లు రెండు వేళ్లంటే ఎనభై వేళ్లు. మనిషి పడి కాలు విరగడానికి అంత లోతు చాలు. నా లెక్కలో తప్పుంటే చెప్పండి, తల వంచుకుని పోతాను."

బొప్పన రెండు కర్రలూ తిప్పి తిప్పి చూశాడు. "నీ తప్పు లేదమ్మా. మా తప్పూ లేదు. ఈ రెండేళ్లలో రాణిగారి చెయ్యి ఎదిగింది. అంతే. అది శుభమే కదా!"

కొలువులో అందరూ తలలూపారు. వైద్యుణ్ణి పంపారు. సత్రంలో చోటిచ్చారు. అక్కడితో విషయం తీరిందనుకున్నారు.

సింహాసనం మీద ఒక చిన్న కుడిచెయ్యి మెల్లగా వీపు వెనక్కి జరగడం ఎవరూ చూడలేదు.

ఆ రోజు నుంచి నీలాంబ అన్నం మానేసింది.

మొదటి రోజు కోటమ్మ పెరుగన్నం కలిపి ముద్దలు చేసి, "చందమామ ముద్ద, చుక్కల ముద్ద" అని పిలిచింది. నీలాంబ నోరు తెరవలేదు. రెండో రోజు బొప్పన స్వయంగా అరిసెల పళ్లెం తెచ్చాడు. నవ్వించాలని, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి రైతులా నడిచి చూపించాడు. అంత పెద్దమంత్రి అలా నడవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. నీలాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి. పంచె కూడా తన చేతి తప్పేనని అప్పుడు తెలిసింది ఆ పిల్లకు. మూడో రోజు వైద్యుడు నాడి పట్టుకోబోతే కుడిచెయ్యి ఇవ్వలేదు. ఎడమచెయ్యి ఇచ్చింది.

"జబ్బేమీ లేదు. దిగులు. దిగులుకు నా దగ్గర మందు లేదు" అన్నాడు వైద్యుడు.

ఆ సాయంత్రం నీళ్లు పోస్తూ కోటమ్మ చూసింది. పాప కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా గుడ్డపీలిక బిగించి చుట్టి ఉంది. వేళ్లు కమిలిపోయాయి.

"అయ్యో నా తల్లీ! ఇదేమిటే?"

"విప్పకవ్వా!" నీలాంబ చెయ్యి లాక్కుంది. "గట్టిగా కడితే పెరగదు. అన్నం తినకపోయినా పెరగదు. నేను తింటే చెయ్యి పెరుగుతుంది. చెయ్యి పెరిగితే ఇంకొకరి కాలు విరుగుతుంది."

కోటమ్మ తడిబట్టలతోనే పాపను ఒళ్లోకి తీసుకుని ఊపుతూ చాలాసేపు కూర్చుంది. పిల్ల పూచికలా తేలిపోతోంది. తరువాత లేచి తిన్నగా సత్రానికి నడిచింది.

సత్రంలో దుర్గయ్య కాలికి బద్దలు కట్టించుకుని పడుకుని ఉన్నాడు. కోటమ్మ విషయమంతా చెప్పి, "నా మాట ఆ పిల్లకు పట్టడం లేదు గురవమ్మా. నీ మాటైతే వింటుంది" అంది.

గురవమ్మ మొగుడి వంక చూసింది.

"నన్నేం చూస్తావు, వెళ్లవే" అన్నాడు దుర్గయ్య. "పసిబిడ్డ పస్తుంటే నా కాలు అతుక్కుంటుందా?"

మర్నాడు పొద్దున్నే గురవమ్మ వాగు ఒడ్డుకు వెళ్లి, ఒక వెదురుమొలకను తవ్వి కుండలో పెట్టుకుని కోటకు వచ్చింది. నీలాంబ కిటికీ పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. గురవమ్మ ఎదురుగా చతికిలబడి, కుండ ఒక పక్క, తన ఎండు మూరకర్ర ఒక పక్క పెట్టింది.

"రాణమ్మా, ఇది వెదురే, అది వెదురే. ఈ మొలకతో మీ బావి కొలవమంటావా?"

నీలాంబ తల అడ్డంగా ఊపింది.

"ఏం? ఎందుకు వద్దు?"

"రేపటికి పెరిగిపోతుంది."

"అవును. వానాకాలంలో అయితే పొద్దుటికీ సాయంత్రానికీ తేడా తెలుస్తుంది. అందుకే మా గూడెంలో పచ్చివెదురుతో ఎవరూ కొలత పెట్టరు. మరి ఎవరైనా మొలకతో బావి కొలిచి, లెక్క తప్పితే, తప్పు ఎవరిది? మొలకదా, కొలిచినవాడిదా?"

నీలాంబ మొలకనూ కర్రనూ మార్చి మార్చి చూసింది. "కొలిచినవాడిది" అంది నెమ్మదిగా.

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న బొప్పన తల వంచుకున్నాడు.

"మొలక పని పెరగడం తల్లీ. కర్ర పని పెరగకుండా ఉండడం. ఒకరి పని ఇంకొకరికి చెబితే ఇద్దరికీ కష్టమే."

"అయితే నా చెయ్యి కొలత కాదా?"

"నీ చెయ్యి చెయ్యే. అన్నం కలుపుకోవడానికి."

నీలాంబ పెదవుల మీదికి నవ్వు వచ్చింది. అంతలోనే పోయింది. "మళ్లీ ఎవరూ పడరని నా కళ్లతో చూడాలి. చూశాకే తింటాను."

"పోనీ, మజ్జిగైనా తాగుతావా?"

"మజ్జిగకు చెయ్యి పెరుగుతుందా?"

గురవమ్మ అబద్ధం చెప్పలేదు. "కొంచెం పెరుగుతుంది."

"అయితే కొంచెం తాగుతాను" అంది నీలాంబ.

ఆ మధ్యాహ్నమే కొలువు తీరింది. నీలాంబ పీట మీద కాళ్లు పెట్టుకుని, నీరసంగానే అయినా స్పష్టంగా చెప్పింది.

"మొదటి రాజుగారు తన చెయ్యి అబద్ధమాడదన్నారు. నా చెయ్యి ఏడాదికో మాట చెబుతోంది. ఆయన మాట నిలబడాలంటే నా చెయ్యి పక్కన పెట్టండి. ఎదగనిది ఏదైనా వెతకండి."

బొప్పన ముందుకు వచ్చాడు. "తల్లీ, తమ తండ్రిగారి మూరకర్రలు ఉన్నాయి. అవే వాడదాం." వెతికితే మూడు దొరికాయి. ఒకదాని కొస చెదలు తిన్నాయి. ఒకటి ఎండకు వంగింది. మూడోదానితో వడ్రంగి పిల్లలు బిళ్లంగోడు ఆడుకున్నారు. మూడు కర్రలూ మూడు పొడవులు. నిజమైనది ఏదో చెప్పడానికి రాజుగారు లేరు.

తరువాత బట్టలవర్తకుడు కామిశెట్టి లేచాడు. "నా వయసు నలభై. ఇక నా చెయ్యి ఎదగదు. నా చెయ్యే మూరగా పెట్టండి."

"కొనేటప్పుడు పొడుగుచెయ్యా, అమ్మేటప్పుడు పొట్టిచెయ్యా శెట్టిగారూ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కామిశెట్టి కూడా నవ్వేసి కూర్చున్నాడు.

ఒక ముసలి రైతు, "వడ్లగింజలు వరసగా పేర్చి కొలుద్దాం. గింజకు తన పర భేదం లేదు" అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది.

"తాతా, ఏ ఏటి గింజలు?" అని అడిగింది నీలాంబ. "వానలు పడిన ఏడు లావుగా ఉంటాయిగా?"

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. "నిజమేనమ్మా. కరువు ఏటి గింజ ఈగ కాలంత ఉంటుంది."

అప్పుడు గురవమ్మ లేచింది.

"ఒక్కరి చెయ్యి పెడితే, ఆ ఒక్కరూ ఎదగకూడదు, ముడుచుకోకూడదు, చనిపోకూడదు. ఏ మనిషికి సాధ్యం అది? అందరి చేతులూ కలిపి ఒక మూర చేద్దాం. చేసి, రాతి మీద చెక్కుదాం. రాయి ఎదగదు."

"అందరి చేతులు ఎలా కలుపుతావమ్మా?" అన్నాడు బొప్పన.

"రేపు పొద్దున కోటగుమ్మం దాటే మొదటి పదహారు మందిని నిలబెట్టండి. ఒక తాడు ఇవ్వండి. చాలు."

"పదహారే ఎందుకు?"

"తాడును సగానికి సగం నాలుగుసార్లు మడిస్తే పదహారు పాళ్లు వస్తాయి దొరా. గింజలు, కర్రలు, లెక్కల పుస్తకాలు ఏవీ అక్కరలేదు. కళ్లు లేనివాళ్లు కూడా వేళ్లతో సరిచూసుకోవచ్చు."

నీలాంబ కోటమ్మ పైటకొంగు కొస పట్టుకుని నాలుగుసార్లు మడిచి, లెక్కపెట్టి, కళ్లు పెద్దవి చేసింది.

మర్నాడు పొద్దున కోటగుమ్మం దగ్గర జాతర జరిగినట్టు ఉంది. పాలు పోసే మంగతాయి మొదట వచ్చింది. వెనకే, గుమ్మానికి తల తగులుతుందేమో అన్నట్టున్న మల్లుడు ఒకడు, గాజులమ్మే ముసలమ్మ, సాలె అంకయ్య, చాపతలుపు కుమ్మరి, కామిశెట్టి, ఇలా ఒక్కొక్కరూ వచ్చారు. తాడు చేతి నుంచి చేతికి నడిచింది. ఒకరు తన మూర కొలిచి, వేలికొస ఉన్నచోట తాడును నొక్కి పట్టుకునేవారు. అక్కడి నుంచి తరువాతి వాళ్లు మొదలుపెట్టేవారు.

పద్నాలుగు మంది అయ్యారు. అప్పుడు నలుగురు మోసుకొస్తున్న మంచం ఒకటి గుమ్మంలోకి వచ్చింది. మంచం మీద దుర్గయ్య.

"కాలు విరిగింది గానీ చెయ్యి బాగానే ఉంది. నన్నూ కలుపుకోండి!"

అందరూ నవ్వి తాడు అందించారు. అతను పదిహేనోవాడు. ఇంకొకరు కావాలి. గుమ్మం వైపు చూశారు. కోటమ్మ వేలు పట్టుకుని నీలాంబ వచ్చింది. తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నా వల్ల నువ్వు పడ్డావు."

"నీ వల్ల కాదు తల్లీ" అన్నాడు దుర్గయ్య. "నువ్వు ఎదిగావు, మాకు కబురు అందలేదు. అంతే."

"పదహారోది నా చెయ్యి పెట్టనా?" నీలాంబ అందరినీ చూసింది. "అందరికంటే చిన్నది. లెక్క పాడవుతుందేమో."

"మల్లుడి చెయ్యి అందరికంటే పెద్దది. అదీ ఇదీ ఒకదానినొకటి సర్దుకుంటాయి" అంది గురవమ్మ. "ఇంటిలో పసివాళ్లు లేకుండా అందరూ అని ఎలా అంటాం?"

నీలాంబ చేతికి చుట్టిన గుడ్డపీలిక కొసను తానే వెతికి లాగింది. చుట్టు తరువాత చుట్టు ఊడి నేల మీద పడింది. చేతి మీద ఎర్రటి చారలు ఉన్నాయి. తాడు మీద ఆ చెయ్యి ఆనించి, వేలికొస దగ్గర గట్టిగా పట్టుకుంది.

తాడును ఒకసారి మడిచారు, ఎనిమిది చేతుల పొడవు. రెండోసారి, నాలుగు. మూడోసారి, రెండు. నాలుగోసారి మడిచేసరికి మూర మిగిలింది. కోటగుమ్మం పక్కనున్న నల్లరాతి మీద రాతిపనివాడు ఆ పొడవుకు రెండు గీతలు చెక్కాడు.

వింత చూడండి. ఆ పదహారు మందీ ఒక్కొక్కరే వచ్చి గీతల మధ్య చెయ్యి పెట్టి చూసుకున్నారు. ఏ ఒక్కరి చేతికీ అది సరిగ్గా సరిపోలేదు. అయినా అందరి చెయ్యీ అందులో ఉంది.

ఇక పరీక్ష మిగిలింది. పెద్దబావిని రాతిమూరతో కొలిస్తే ముప్పై వచ్చింది. రాతిగీతలకు సరిచూసిన ఎండుకర్ర ఒకటి గుర్రం మీద వెదురుగూడేనికి వెళ్లింది. "ముప్పై మూరల నిచ్చెన" అన్న ఒక్క మాట దానితో పాటు వెళ్లింది. గూడెంలో ఆ నిచ్చెన అల్లినవాళ్లు బావిని చూడలేదు. బావి కొలిచినవాళ్లు గూడేన్ని చూడలేదు. మూడో రోజుకు నిచ్చెన వచ్చింది.

"ఎవరు దిగుతారు?" అన్నాడు బొప్పన. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నేను" అంది గురవమ్మ. కొంగు బిగించి, నిచ్చెన పట్టుకుని బావిలోకి కాలు పెట్టింది.

"ఓసే, కిందికి చూసుకుంటూ దిగు!" మంచం మీది నుంచి దుర్గయ్య అరిచాడు.

"చూడను. చూస్తే పరీక్ష ఎలా అవుతుంది? ఒట్టి లెక్క మీదే దిగుతాను."

నీలాంబ బావి గట్టు పట్టుకుని నిలబడింది. కింది నుంచి గురవమ్మ, పైనుంచి నీలాంబ కలిసి లెక్కపెట్టారు. మొదట జనం కూడా గొంతు కలిపారు. ఇరవై దగ్గర అందరూ ఆగిపోయారు. ఇక రెండే గొంతులు. ఒకటి పైన సన్నగా, ఒకటి కింద లోతుగా.

"ఇరవై ఎనిమిది."

"ఇరవై తొమ్మిది."

"ముప్పై."

గురవమ్మ కాలు తీసింది. బావిలో చప్పుడు లేదు.  దుర్గయ్య కళ్లు మూసుకున్నాడు.

"నేల తగిలింది తల్లీ!" బావి అడుగు నుంచి గొంతు ఖంగుమని మోగుతూ వచ్చింది. "చల్లగా ఉంది!"

జనమంతా ఒక్కసారి కేక పెట్టారు. ఆ గోలలో నీలాంబ వెనక్కి తిరిగి, కోటమ్మ చీరె పట్టుకుని లాగింది.

"అవ్వా, ఆకలేస్తోంది."

కోటమ్మ ఆ బావి గట్టు మీదే కూర్చుని పెరుగన్నం కలిపింది. కలిపాక ముద్ద చేయబోతే నీలాంబ గిన్నె లాక్కుంది. కుడిచేత్తో తానే కలుపుకుని, తానే తింది. బొప్పన పక్కనే నిలబడి, కళ్లు తుడుచుకుంటూ ముద్దలు లెక్కపెట్టాడు. పదకొండు.

ఆ తరువాత ఊరూరా ఒక నల్లరాయి, దాని మీద రెండు గీతలు వెలిశాయి. వర్తకుడి కర్ర మీద అనుమానం వస్తే ఏడేళ్ల పిల్ల కూడా దాన్ని పట్టుకెళ్లి గీతల మధ్య పెట్టి చూడవచ్చు. తేడా వస్తే కర్ర పొయ్యిలోకి. రాణిగారి కర్రకూ అదే న్యాయం. కుమ్మరి ఇంటికి తలుపు వచ్చింది. పంచెలు మళ్లీ చీలమండలు దాటాయి. దుర్గయ్య కాలు అతికి, కాస్త కుంటుతూనే, మళ్లీ చీకట్లో లెక్క మీద బావులు దిగాడు.

ఉగాది నాడు టేకుపలక రావడం మానలేదు. అయితే ఇప్పుడు దాని మీద నీలాంబ ఎత్తు గీసేవారు. ప్రతి ఏడూ గీత పైకి వెళ్లినప్పుడల్లా కొలువంతా చప్పట్లు కొట్టేది. ఇరవయ్యో ఏట ఒక పొద్దున ఆమె ఒంటరిగా కోటగుమ్మం దగ్గరికి వచ్చి రాతిగీతల మధ్య చెయ్యి ఆనించి చూసుకుంది. రాతిమూర కంటే ఆమె చెయ్యి ఒక వేలి మందం పొడుగు తేలింది. ఆమె నవ్వుకుని, రాతికి పసుపు రాసి వెళ్లిపోయింది.

కథ కంచికి బయలుదేరింది. దారి ఎంత పొడవో మీ చేతులతో కాక, రాతిమూరతో కొలుచుకోండి.

నీతి: ఎదగడం మనుషుల పని, ఎదగకుండా నిలబడడం కొలత పని, పదిమందీ కలిసి ఒప్పుకున్న ఒక్క కొలత ఉంటే, ముఖం చూడనివాణ్ణి కూడా నమ్మి చీకట్లో అడుగు వేయవచ్చు.